మన గొంతు, మన ఊపిరి, మైకు: ఒక చరిత్ర

జగిత్యాల పక్కనే పొలాస ఉంది. ఒకప్పటి పొలవాస అదే. 1163 నాటి హనుమకొండ వేయిస్తంభాల గుడి శాసనంలో కాకతి రుద్రదేవుడు గెలిచిన వాళ్ళ పేర్లలో మేడరాజు పేరు, పొలవాస పేరు కనిపిస్తాయి. మన సమ్మక్క కథలోనూ పొలవాస మేడరాజు ఉన్నాడు. అడవిలో దొరికిన బిడ్డను ఇంటికి తెచ్చుకుని పెంచుకున్నది ఆయనేనని జనశ్రుతి. శాసనం గెలిచినవాళ్ళు చెక్కించుకున్న మాట. అది రాతి మీద ఉంది కాబట్టి ఎనిమిది వందల ఏళ్ళు దాటినా నిలిచింది. కథ మన వాళ్ళు పాడుకున్న మాట. దానికి రాయి లేదు, గొంతు ఒక్కటే ఉంది.

ఆ గొంతులు ఒక్కొక్కటిగా వెళ్ళిపోతున్నాయి. కోయ వీరుల కథలను డోలు మీద పాడిన మణుగూరు ప్రాంతపు సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024 జూన్‌లో ఆయన కన్నుమూశారు. గుస్సాడీ నేర్పిన మర్లవాయి కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది. ఆయనా 2024 అక్టోబర్‌లోనే వెళ్ళిపోయారు. వీళ్ళ పేర్లు పేపర్లో వచ్చాయి కాబట్టి మనకు తెలిసింది. పేపర్లో పేరు రాకుండా వెళ్ళిపోయిన పాటగాళ్ళు, ఊదేవాళ్ళు ప్రతి గూడెంలో, ప్రతి తండాలో ఉన్నారు.

ఇప్పుడు జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణాల్లో చదువుకుంటున్న మన పిల్లల దగ్గర ల్యాప్‌టాప్‌లు ఉన్నాయి, చిన్నచిన్న రికార్డింగ్ గదులూ పెట్టుకుంటున్నారు. మన పెద్దల పాటలు, పెప్రే, పిల్లనగ్రోవి రికార్డు చేయాలంటే ఏ మైకు కొనాలన్నది వాళ్ళకు ముందుగా ఎదురయ్యే ప్రశ్న. దీనికి జవాబు దుకాణంలో దొరకదు, మైకు చరిత్రలో దొరుకుతుంది. ఎవరి గొంతు నిలిచింది, ఎవరి గొంతు నిలవలేదు అన్నది చాలావరకు మైకే తేల్చింది కాబట్టి ఆ చరిత్ర మనం తెలుసుకోవాలి.

మైకు లేని రోజులు

థామస్ ఎడిసన్ 1877లో ఫోనోగ్రాఫ్ చేశాడు. అప్పటి నుంచి 1925 దాకా, అంటే దాదాపు యాభై ఏళ్ళు, మైకు లేకుండానే రికార్డింగ్ జరిగింది. గోడకు ఒక పెద్ద రేకు గరాటు ఉండేది. పాడేవాళ్ళు దాని మూతిలో తల పెట్టినంత దగ్గరగా నిలబడి గట్టిగా పాడాలి. ఆ గాలి ఒత్తిడికి గరాటు చివరి పొర కదిలేది, దానితోపాటు సూది కదిలేది, సూది మైనం మీద గీత గీసేది. కరెంటు లేదు, శబ్దాన్ని పెంచే సాధనమూ లేదు.

1902 నవంబర్‌లో గ్రామఫోన్ కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తా వచ్చి గౌహర్ జాన్ పాటను రికార్డు చేసింది ఇలాగే. పాట చివర ఆమె తన పేరు తనే చెప్పేది. రికార్డులు అచ్చయ్యేది జర్మనీలోని హానోవర్‌లో. అక్కడి పనివాళ్ళకు ఏ పలక ఎవరిదో తెలియాలి కదా, అందుకు. ఆ చిన్న అలవాటు వల్ల నూట ఇరవై ఏళ్ళ తర్వాత కూడా ఆ గొంతు ఎవరిదో మనకు తెలుసు. ఈ ముచ్చట గుర్తు పెట్టుకోండి, చివర్లో మళ్ళీ అవసరం పడుతుంది.

గరాటుకు గట్టి శబ్దమే వినపడేది. మనిషి చెవి 20 నుంచి 20,000 హెర్ట్జ్ దాకా వింటే, గరాటు పట్టింది దాదాపు 250 నుంచి 2,500 దాకానే. బాకాలు బాగా పడేవి. పెద్ద గొంతులు పడేవి. డోలు కొడితే సూది ఎగిరిపోయేది. జోలపాట అసలు పడేదే కాదు. అంటే పాట మంచిదా కాదా అన్న లెక్కే రాలేదు. గరాటుకు సరిపడేదే చరిత్రలోకి ఎక్కింది.

ఆ రోజుల్లోనే గ్రియర్సన్ నడిపిన భాషా సర్వే కోసం 1913 నుంచి 1929 దాకా దేశంలోని భాషలను, మాండలికాలను 200కు పైగా గ్రామఫోన్ రికార్డుల్లోకి ఎక్కించారు. వాటిలో చాలావాటిలో ఒకే బైబిలు కథను అన్ని భాషల్లోనూ చెప్పించారు. భాషలను పోల్చి చూడటానికి అది పనికొచ్చింది. కానీ జనం తమ కోసం ఏం పాడుకునేవాళ్ళో వాటి వల్ల తెలిసింది తక్కువ. ఏం రికార్డు చేయాలో బయటివాళ్ళు నిర్ణయిస్తే జరిగేది ఇదే.

మైకు వచ్చింది

అమెరికాలో బెల్ టెలిఫోన్ సంస్థకు చెందిన ఇ. సి. వెంటే 1916లో కండెన్సర్ మైకు చేశాడు. చాలా పలుచని ఒక పొర, దాని వెనుక ఒక పలక, రెండింటి మధ్య కొంచెం ఖాళీ. శబ్దం తగిలి పొర కదిలితే ఆ ఖాళీ మారుతుంది, దాంతో విద్యుత్తూ మారుతుంది. పొర పలుచన కాబట్టి ఊపిరి పీల్చిన చప్పుడు కూడా వినపడుతుంది. 1925లో అమెరికాలోని పెద్ద రికార్డు కంపెనీలు గరాటు వదిలి మైకు పట్టాయి. అప్పటి నుంచే మెల్లగా పాడే గొంతులకు రికార్డులో చోటు దొరికింది.

జర్మనీలో 1924లో రిబ్బన్ మైకు పుట్టింది. అయస్కాంతాల మధ్య వేలాడే సన్నని అల్యూమినియం రేకు అది. 1930ల మొదట్లో ఆర్‌సీఏ కంపెనీ దాన్ని రేడియో స్టూడియోల్లో పెట్టింది. రిబ్బన్ ముందు నుంచి, వెనుక నుంచి సమానంగా వింటుంది. పక్కల నుంచి వినదు. దాని శబ్దం మెత్తగా, గుండ్రంగా ఉంటుంది. అయితే గట్టిగా ఊదిన గాలి నేరుగా తగిలితే రేకు సాగిపోతుంది.

మూడోది డైనమిక్ మైకు. పొరకు ఒక తీగ చుట్ట అంటించి ఉంటుంది, అది అయస్కాంతం మధ్య ఆడుతుంది. స్పీకరు ఎలా పనిచేస్తుందో దానికి తిరకాసు. పొర బరువు కాబట్టి సన్నని శబ్దాలు కొంచెం తప్పిపోతాయి. కానీ దుమ్ము తట్టుకుంటుంది, ఎంత గట్టి శబ్దమైనా తట్టుకుంటుంది, దానికి కరెంటు అక్కర లేదు. షూర్ కంపెనీ 1965లో ఎస్‌ఎం 57, 1966లో ఎస్‌ఎం 58 తెచ్చింది. మన ఊళ్ళలో సభల మీద, ఆర్కెస్ట్రాల్లో కనిపించే గుండు మైకు ఈ 58 గానీ, దాన్ని చూసి చేసింది గానీ అయి ఉంటుంది. ఎస్‌ఎం అంటే స్టూడియో మైక్రోఫోన్ అనే. పుట్టింది స్టూడియో కోసం, స్థిరపడింది వేదిక మీద.

కండెన్సర్‌కు కరెంటు కావాలి. ఆ కరెంటును మైకు తీగలోనే పంపే పద్ధతిని 1966లో న్యూమన్ కంపెనీ నార్వే రేడియో కోసం తెచ్చింది. చలికాలంలో పగలు కూడా చీకటిగా ఉండే ఆ దేశపు రేడియో భవనంలో అత్యవసర దీపాల కోసం 48 వోల్టుల లైను ముందే ఉందట, దాన్నే వాడుకున్నారని చెబుతారు. ఇవాళ మీ ఇంటర్‌ఫేస్ మీద 48 వి అని రాసి ఉన్న మీట అక్కడి నుంచి వచ్చిందే.

మన వైపు ఏం జరిగింది

జోడేఘాట్‌లో కుమ్రం భీం 1940లో అమరుడయ్యాక నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌ను ఆదిలాబాద్ గోండుల దగ్గరకు పంపింది. ఆయన మర్లవాయిలో ఉన్నాడు, ఫొటోలు తీశాడు, సినిమా రీళ్ళు తీశాడు. అవి ఇప్పుడు లండన్‌లో భద్రంగా ఉన్నాయి. కానీ ఆ రోజుల్లో అడవిలోకి మోసుకెళ్ళగల 16 మిల్లీమీటర్ల కెమెరాలు మామూలుగా బొమ్మను పట్టేవే తప్ప శబ్దాన్ని పట్టేవి కావు. అందువల్ల 1940ల నాటి మన తాతల ముఖాలు, అడుగులు, తలపాగాలు మనకు మిగిలాయి. వాళ్ళు ఊదిన స్వరాలు అంతగా మిగల్లేదు.

హైదరాబాద్‌లో దక్కన్ రేడియో 1935లో నిజాం ప్రభుత్వం చేతికి వచ్చింది, 1950లో ఆకాశవాణి అయింది. అయితే స్టూడియో హైదరాబాద్‌లో ఉంటే మన పాట బస్సెక్కి అక్కడికి పోవాలి. 1986లో ఆదిలాబాద్ ఆకాశవాణి కేంద్రం వచ్చాక ఆ దూరం తగ్గింది. గోండి పాట, లంబాడీ పాట మన భాషల్లోనే రేడియోలో వినపడ్డాయి. గోదావరి ఆవలి గట్టున కేంద్రం ఉంటే ఇవతలి గట్టున జగిత్యాల వైపు మనవాళ్ళూ విన్నారు.

కోరుట్ల, సిరిసిల్ల, జగిత్యాల మనుషులకు ఇంకో మైకు కూడా తెలుసు. దాన్ని ఎవరూ మైకు అనలేదు, టేప్ రికార్డర్ అన్నారు. 1980ల్లో ఈ ప్రాంతం నుంచి గల్ఫ్‌కు వెళ్ళినవాళ్ళు తిరిగొస్తూ తెచ్చిన టూ-ఇన్-వన్‌లు అవి. ఉత్తరం రాయడం రాని తల్లి క్యాసెట్లో మాట నింపి పంపితే కొడుకు దుబాయ్‌లో విన్నాడు. ఆ పెట్టె మూలన సూది బెజ్జమంత రంధ్రం వెనుక ఉండేది ఎలక్ట్రెట్ మైకు. 1962లో బెల్ ప్రయోగశాలలో గెర్హార్డ్ సెస్లర్, జేమ్స్ వెస్ట్ కలిసి దాన్ని కనిపెట్టారు. వెస్ట్ నల్లజాతి శాస్త్రవేత్త, వర్ణ వివక్ష చట్టంగా ఉన్న వర్జీనియాలో పుట్టి పెరిగినవాడు. కండెన్సర్ మైకును చౌక చేసి ప్రపంచంలో పేదవాడి ఇంటికి చేర్చిన ఘనతలో ఆయనకు సగం వాటా ఉంది.

ఆ టేప్ రికార్డర్లకు ఒక గుణం ఉంది. శబ్దం తగ్గితే అదే పెంచుతుంది, శబ్దం పెరిగితే అదే నొక్కుతుంది. అందుకే పాత క్యాసెట్లలో డోలు దెబ్బ పడగానే అవ్వ గొంతు మునిగిపోయి, దెబ్బ ఆగగానే మళ్ళీ తేలుతుంది. అవ్వ అలా పాడలేదు. యంత్రం అలా వింది. ఇవాళ మన చేతుల్లోని ఫోనుదీ అదే గుణం, పైగా ఇంకోటి కూడా ఉంది. ఫోను మాట కోసం తయారైంది. మాట కాని శబ్దం ఒకే తీరుగా సాగితే దాన్ని రొద అనుకుని తుడిచేయాలని చూస్తుంది. దమ్ము బట్టి సాగదీసి ఊదిన స్వరం దానికి ఫ్యాను చప్పుడులా కనిపిస్తుంది. అందుకే ఫోనులో పెప్రే సగం తెగిపోతుంది. ఫోను ఒక్కటే ఉంటే దాంతోనే చేయండి, ఏమీ చేయకపోవడం కంటే అది నయం. కానీ శబ్దాన్ని తనంతట తాను మార్చే సౌకర్యాన్ని ఆపే యాప్‌తో చేయండి.

ఊపిరి ఎక్కడి నుంచి బయటికొస్తుంది?

మైకు ఎంచుకునే ముందు వాద్యం ఎలా పలుకుతుందో చూడాలి.

నాగోబా జాతరలో, దండారిలో వినే పెప్రే సన్నాయి కోవకు చెందింది. శబ్దం దాని చివరి గిన్నె నుంచే వస్తుందని చాలామంది అనుకుని అక్కడే మైకు పెడతారు. అది తప్పు. వేళ్ళతో మూసి తెరిచే రంధ్రాల నుంచి కూడా శబ్దం వస్తుంది. కొన్ని స్వరాలు పై రంధ్రాల దగ్గర, కొన్ని కింద గిన్నె దగ్గర ఎక్కువ పలుకుతాయి. గిన్నె ముందు మైకు పెడితే కొన్ని స్వరాలు చెవులు పగలగొట్టి, కొన్ని మాయమవుతాయి. రెండు మూడు అడుగుల దూరంలో, కొంచెం పైనుంచి, రంధ్రాలకూ గిన్నెకూ మధ్యకు గురిపెట్టాలి.

కాలికోం, కోయల అక్కుం వేరు. వీటికి వేలి రంధ్రాలు ఉండవు, శబ్దమంతా మూతి నుంచే బాణంలా వస్తుంది. మైకును ఆ బాణానికి ఎదురుగా కాక, మూడు నాలుగు అడుగుల అవతల, కొంచెం పక్కకు పెట్టాలి.

పిల్లనగ్రోవిలో శబ్దం పెదవి దగ్గరి రంధ్రం నుంచీ, వేళ్ళ రంధ్రాల నుంచీ వస్తుంది. పెదవి ఎదురుగా మైకు పెడితే స్వరం కంటే గాలి చప్పుడే ఎక్కువ పడుతుంది. ఊదేవారి నుదుటి ఎత్తున పెట్టి కిందికి వంచితే గాలి మైకు కింది నుంచి పోతుంది, స్వరం మైకుకు అందుతుంది. గాలి చప్పుడు మొత్తం పోకూడదు. అది ఊదే మనిషి ఊపిరి, అదీ పాటలో భాగమే.

గొంతు సంగతి. మైకుకు దగ్గరైతే గొంతులో కింది స్థాయి బరువు పెరుగుతుంది. వయసుతో పలచబడిన అవ్వ గొంతుకు అది మేలు చేస్తుంది, బొంగురు గొంతు తాతకు చెరుపు చేస్తుంది. ప, బ, భ అన్నప్పుడు వచ్చే గాలి మైకును కొడుతుంది కాబట్టి నోటికి సూటిగా కాక కొంచెం పక్కకు ఉంచాలి. జానెడు నుంచి మూరెడు మధ్య ఎక్కడ బాగుందో విని చూడాలి. దూరం సగమైతే శబ్దం దాదాపు 6 డెసిబెళ్ళు పెరుగుతుంది. అందుకే నాలుగు వేళ్ళ మార్పు కూడా చాలా తేడా చేస్తుంది.

మరి ఏది కొనాలి?

సంఘం దగ్గర ఒక్క మైకుకే డబ్బుంటే, బయట జాతరల్లో, పెళ్ళిళ్ళలో పెప్రే, కాలికోం, డోలు పట్టడమే ముఖ్యమైతే, ఎస్‌ఎం 57 లాంటి డైనమిక్ తీసుకోండి. వాన చినుకు, దుమ్ము, చేయి జారడం అన్నీ తట్టుకుంటుంది. దాని లోటు కూడా తెలియాలి. మెల్లని గొంతు పట్టాలంటే యంత్రంలో శబ్దాన్ని చాలా పెంచాలి, చౌక యంత్రమైతే దాంతోపాటు బుస్సుమనే రొద వస్తుంది.

ఇంట్లో, గదిలో అవ్వల పాటలు, జోలపాటలు, కథలు పట్టడమే ముఖ్యమైతే పెద్ద పొర కండెన్సర్ మేలు. మాటలోని ప్రతి అక్షరం తేటగా వస్తుంది. గోండి, కోయ, లంబాడీ మాటలు రేపు పిల్లలు విని నేర్చుకోవాలంటే ఆ తేట అవసరం.

రెండూ చేయాలి, కొంచెం డబ్బుంది అంటే చిన్న పొర కండెన్సర్లు రెండు తీసుకోండి. ఇవి పక్క నుంచి వచ్చే శబ్దాన్ని కూడా రంగు మార్చకుండా పడతాయి. పిల్లనగ్రోవికి ఒకటి చాలు. తీజ్ పండగలో వలయంగా తిరుగుతూ పాడే ఆడపిల్లల పాటకు రెండూ పెడితే ఎవరు ఏ వైపు పాడుతున్నారో కూడా వినపడుతుంది. కొనేటప్పుడు ఎంత గట్టి శబ్దాన్ని తట్టుకుంటుందో చూడండి. శబ్దాన్ని తగ్గించే మీట ఉన్నదైతే పెప్రేకూ పనికొస్తుంది.

రిబ్బన్ మైకు పెప్రే గరుకును అందంగా మెత్తబరుస్తుంది. కానీ మన గాలికి, మన ప్రయాణాలకు అది నాజూకు. కుదురైన స్టూడియో ఏర్పడిన తర్వాతే దాని ఆలోచన చేయండి. దాని ముందు వెనుకల వినికిడి గుణం మాత్రం నేర్చుకోదగ్గది. ఒకరు పాడి ఒకరు అందుకునే పాటకు ఇద్దరినీ మైకుకు అటూ ఇటూ ఎదురెదురుగా నిలబెట్టి, డోలును పక్కన ఉంచితే గొంతులు ముందుకు, డోలు వెనక్కు వస్తాయి. ఈ గుణం కొన్ని పెద్ద కండెన్సర్లలో మీట తిప్పితే వస్తుంది.

పేరున్న మైకులకు బజారులో నకిలీలు చాలా ఉన్నాయి. రశీదు, వారంటీ ఇచ్చే దుకాణంలోనే కొనండి.

మైకు కంటే ముందు చోటు చూసుకోవాలి. సిరిసిల్ల పట్టణంలో మరమగ్గాల చప్పుడు పగలంతా ఉంటుంది. అక్కడ కండెన్సర్ పెడితే అవ్వ పాటతోపాటు మగ్గం కూడా పాడుతుంది. వీర్నపల్లి, రుద్రంగి వైపు తండాలకు వెళ్ళి రికార్డు చేయడం నయం, పెద్దలకు కూడా వాళ్ళ ఇల్లే హాయి. సిమెంటు స్లాబు గదిలో గొంతు గోడలకు కొట్టుకుని తిరిగొస్తుంది. మట్టి గోడల ఇంట్లో ఆ బాధ తక్కువ. స్లాబు గదే దిక్కైతే గోడలకు గొంగళ్ళు, బొంతలు వేలాడదీయండి. గొంగడికి మించిన శబ్దం మింగే సాధనం మనకు చౌకగా దొరకదు. ఫ్యాను ఆపండి. కండెన్సర్‌ను తేమ తగలకుండా సిలికా జెల్ పొట్లంతో డబ్బాలో పెట్టండి.

పట్టిన పాట ఎవరిది?

ఇప్పుడు గౌహర్ జాన్ ముచ్చటకు వద్దాం. ప్రతి రికార్డింగ్ మొదట్లో పాడేవారి చేతనే పేరు, ఊరు, ఇంటిపేరు, తేదీ, పాట ఏ సందర్భంలో పాడేదో చెప్పించండి. ఫైలు పేరు మారిపోవచ్చు, కాగితం పోవచ్చు. పాటలోనే ఉన్న మాట పోదు.

శబ్దం అత్యధికంగా ఉన్నచోట కూడా మీటరు మైనస్ 12 దగ్గర ఆగేలా పెట్టుకోండి. అంచు దాటి పగిలిన శబ్దాన్ని ఎవరూ బాగు చేయలేరు. ఎంపీ3లో కాదు, వేవ్ ఫైలులో, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో దాచండి. ప్రపంచంలోని శబ్ద భాండాగారాలు పాటించే కనీస ప్రమాణం ఇదే. రెండు వేర్వేరు చోట్ల నకళ్ళు ఉంచండి, ఒకటి పాడినవారి ఇంటికి తప్పకుండా ఇవ్వండి. ఇంట్లో అటక మీద పాత క్యాసెట్లు ఉంటే వాటినీ ఇప్పుడే ఎక్కించండి. అయస్కాంత టేపు ఏళ్ళు గడిచేకొద్దీ పాడవుతూనే ఉంటుంది.

అన్నింటికంటే ముందు అడగండి. కొన్ని పాటలు దేవర ముందే పాడాలి. కొన్ని కొందరే పాడాలి. కొన్ని ఫలానా నెలలోనే పాడాలి. పెద్దమనిషి వద్దంటే మైకు కట్టేయండి. ఇంతకాలం మనల్ని రికార్డు చేసినవాళ్ళలో చాలామంది ఏం పట్టాలో వాళ్ళే తేల్చుకున్నారు, పట్టింది వాళ్ళే తీసుకుపోయారు. ఇప్పుడు మైకు మన పిల్లల చేతిలో ఉంది. బయటివాళ్ళు మన పట్ల చేసినదే మనం మన అవ్వల పట్ల చేయకూడదు.

వచ్చే తరం పిల్లలు మన తాతలను చూడరు. వాళ్ళకు మిగిలేది మనం పట్టి దాచిందే. రికార్డింగ్ పగిలిపోయి ఉంటే పెప్రే శబ్దమే గీపెట్టినట్టు ఉంటుందని అనుకుంటారు. గొంతు మునిగిపోయి ఉంటే అవ్వకు పాడటం రాదనుకుంటారు. ఆ అన్యాయం జరగకుండా చూసే పని మనది. ఈ ఎండాకాలం సెలవుల్లో ఒక్కొక్కరు ఒక్క పెద్దమనిషి దగ్గర కూర్చోండి. ముందు మైకు లేకుండా విన్న తర్వాతే మైకు తీయండి.